ఎడమ పక్క

“అడిగి రాయించుకున్నడట,” అన్నది కొంరమ్మ. అనేసి గడపకు అడ్డంగా కూర్చున్నది. “కంపెనీ పంపుతలేదు. నీ మొగడే మణుగూరు పోతనని దరఖాస్తు పెట్టుకున్నడు. నల్లా కాడ గుమాస్తా పెండ్లాం చెప్పింది.”

పొయ్యి ముందు సారక్క చేతిలో గంటె ఆగిపోయింది. మూడు రోజులుగా ఆమె కంపెనీని నోటికొచ్చినట్టు తిడుతూ ఉంది. ఇరవై రెండేళ్లు కొత్తగూడెం బొగ్గు బాయిలో దిగి, పైకప్పుకు దుంగలు ఆనించిన మనిషిని ఈ వయసులో ఊరు మారుస్తారా, వీళ్ల కళ్లు పోను అని. ఆ తిట్లలో ఒక్కటీ కంపెనీకి తగలాల్సింది కాదని ఇప్పుడు తెలిసింది.

మంగయ్య తలెత్తలేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి గంట కూడా కాలేదు. కనుబొమల్లో ఇంకా బొగ్గు ఉంది. ఇనప పెట్టెలో లుంగీలు, రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను పెడుతున్నాడు. పెట్టినదాన్నే తీసి మళ్లీ పెడుతున్నాడు.

“నిజమేనా తమ్మీ?” అన్నది కొంరమ్మ. ఆమె మంగయ్యకు స్వంత అక్క. తమ్ముడి కాపురం ఎటో పోతోందని ఇల్లందు దగ్గరి ఊరి నుంచి పరుగున వచ్చిన మనిషి.

“అవ్.”

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

“ఎందుకు?” అన్నది సారక్క.

“ఎందుకో నన్నడుగుతున్నవా?”

“మరి ఎవర్నడగాలె? గుమాస్తా పెండ్లాన్నా?”

“మనిషికి ఇంట్ల జాగ లేనప్పుడు ఏ ఊరైతే ఏంది.”

“జాగ లేకపోవుడేంది? క్వార్టర్ నీ పేరు మీదనే ఉన్నది.”

“నేను చెప్పేది క్వార్టర్ ముచ్చట కాదు.”

అంటూనే మంచం వైపు చూశాడు. అక్క ఉన్నదని గుర్తొచ్చి చూపు తిప్పుకున్నాడు. కానీ ఆ చూపు సారక్కకు అందనే అందింది. ఒళ్లంతా వేడెక్కింది. కోపమో సిగ్గో ఆమెకే తెలియలేదు.

ఆ మంచం సంగతి మొదలైంది దసరాకు నాలుగు రోజుల ముందు. సారక్క పదహారేళ్లుగా క్వార్టర్లకు సున్నం వేస్తోంది. బిడ్డ పెళ్లి అయిపోయింది, అత్తగారింటికి పోయింది, ఇక నిచ్చెన దిగమన్నాడు మంగయ్య. ఆమె దిగనన్నది. ఆ పని ఆమెకు ఇష్టం. “ఊరంత నల్లగ చేసేటోళ్లు మీరు. తెల్లగ చేసేదాన్ని నేనొక్కదాన్నన్న ఉండొద్దా?” అన్నది. నవ్వుతూనే అన్నది. అతను నవ్వలేదు. “చేతులు పడిపోయినంక నాకు చెప్పకు,” అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

అన్న మాట గాలిలో ఉండగానే, మర్నాడే, నిచ్చెన మీద కాలు జారింది. కింద పడకుండా కుడి చేత్తో పై మెట్టు పట్టుకున్నది. మనిషి బరువంతా ఆ ఒక్క భుజానికి వేలాడింది. లోపల ఏదో పుటుక్కుమన్నది. అంతకు ముందు రెండేళ్ల నుంచీ ఆ భుజం సలుపుతూనే ఉండేది, కుంచె పైకెత్తి కప్పులకు సున్నం వేసిన రోజుల్లో మరీనూ. కానీ ఇది ఆ సలుపు కాదు. చెయ్యి పక్క నుంచి పైకి లేవడం మానేసింది. సగం దాకా వచ్చి, అక్కడ సూది దించినట్టయి ఆగిపోయేది.

ఎవరికి చెప్పాలి? చెప్పకు అన్న మనిషికా? ఉరి తీసినా చెప్పదు.

వాతం అని తనకు తానే తేల్చుకున్నది. జిల్లేడాకు వెచ్చజేసి కట్టింది. ఆలుగడ్డ, గోంగూర, శనగపప్పు మానేసింది. నోరు కట్టుకున్నందుకు మనిషి చిక్కింది గానీ భుజం మాట వినలేదు. పై గూట్లో గిన్నెలన్నీ కిందికి దించుకున్నది. జాకెట్ తొడుక్కోవడానికి పావుగంట. కొప్పు పెట్టుకోవాలంటే మోచెయ్యి గోడకు ఆనించి, తలనే చేతి దగ్గరికి వంచేది. సున్నం మాత్రం ఆపలేదు, ఎడమ చేత్తో వేసింది. మేస్త్రి గోడ మీది చారలు చూసి గొణిగితే, కుంచె బాగలేదన్నది.

ఇవన్నీ దాచుకోగలిగింది. దాచలేనిది ఒక్కటే, పడక.

పెళ్లయిన నాటి నుంచి మంగయ్యకు ఎడమ పక్కనే సారక్క జాగా. ఆ జాగాలో పడుకుని మొగుడి వైపు తిరగాలంటే కుడి భుజం మీద ఒత్తిగిలాలి. ఆ భుజానికి దిండు తగిలినా ప్రాణం పోయేది. అందుకని రెండో వైపు తిరిగి, గోడను చూస్తూ పడుకునేది. ఏడు నెలలుగా మంగయ్య చూస్తున్నది ఆమె వీపు.

అతను ఒక్కనాడు, ఏందే అని అడిగి ఉంటే చెప్పేసేది. చెప్పకన్న మాట కూడా మరిచిపోయి చెప్పేసేది. అతను అడగలేదు. నిచ్చెన దిగమన్నందుకు మొహం చాటేసిందనుకున్నాడు, ఇరవై రెండేళ్ల కాపురం గోడకేసి తిరిగిందనుకున్నాడు. ఇద్దరూ ఇద్దరే, మాట పడని జాతి.

అతను రాత్రి డ్యూటీకి పోయిన రోజుల్లో సారక్క అతని జాగాలోకి జరిగేది. అక్కడ ఎడమకు ఒత్తిగిలితే భుజం ఏమీ అనేది కాదు. ఎదురుగా తన ఖాళీ జాగా కనపడేది. దుప్పట్లో చుట్టా, ఎర్ర సబ్బూ, ఎంత ఉతికినా పోని బొగ్గూ కలిసిన వాసన. ఆ వాసనను పట్టుకుని పడుకునేది. పొద్దున అతను వచ్చే వేళకు లేచి, దుప్పటి మడత సరిచేసి, మళ్లీ గోడ వైపు మనిషయ్యేది. ఒకే కప్పు కింద ఉన్న మొగుడి కోసం ఇంతగా కొట్టుకుపోతున్నానని ఎవరితోనన్నా అంటే నవ్వుతారని ఆమెకు తెలుసు.

మంగయ్య పెట్టెకు తాడు బిగించి లేచాడు. కొంరమ్మ గడప వదల్లేదు.

“అక్కా, లే. బస్సు పోతది.”

“పోనీ. నీ పెండ్లాం ఏం చేసిందో నోరు తెరిచి చెప్పు, అప్పుడు లేస్త.”

“దాన్నే అడుగు. దసరా కాన్నుంచి నా దిక్కు మొహం తిప్పిందేమో అడుగు.”

“ఏం పిల్లా?” అన్నది కొంరమ్మ. “ఏమంటున్నడు వీడు?”

సారక్క లేచి వచ్చి, పెట్టె రెండో వైపు కడియం పట్టుకున్నది. కుడి చేత్తో పట్టుకున్నది. ఎడమ చేతిలో గంటె ఉంది, ఆవేశంలో చూసుకోలేదు.

“వదులు,” అన్నాడు మంగయ్య.

“వదల.”

“సారక్కా, వదులు.”

“వదలనంటున్న గద.”

ఎన్నో రోజుల తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అతని మొహంలో బిగువు కాస్త సడలింది. ఆమె ఇంకొంచెం సేపు అలాగే పట్టుకుని ఉంటే అతను పెట్టె కింద పెట్టేవాడే. కానీ ఆ పట్టు ఎంత గట్టిదో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది కాబోలు, పెట్టెను తన వైపు ఒక్క గుంజు గుంజాడు.

భుజంలో నిప్పు రాజుకున్నది. కళ్లకు చీకట్లు కమ్మాయి. సారక్క పెదవి కొరుక్కుని అరుపు మింగింది. వేళ్లు వాటంతట అవే విడిపోయాయి.

మంగయ్య ఖాళీగా వేలాడుతున్న కడియం వైపు చూశాడు.

“వదిలిపెడితివి గద,” అన్నాడు మెల్లగా. “గంతే.”

అక్కను దాటుకుని వెళ్లిపోయాడు. వాకిట్లో ఎండ అప్పటికే మండుతోంది. సారక్క పిలవాలనుకున్నది. నోరు తెరిస్తే వచ్చేది పిలుపు కాదు, ఏడుపు. అందుకని తెరవలేదు.

కొంరమ్మ తమ్ముడు పోయిన దారిని ఒకసారి, మరదలిని ఒకసారి చూసింది. తిట్టడానికి నోరు సిద్ధం చేసుకున్నది. అంతలో పొయ్యి మీద గంజి పొంగింది. సారక్క గిన్నె దించడానికి ఎడమ చెయ్యి ఒక్కటే చాపింది. కుడి చెయ్యి పక్కన అతికించినట్టు వేలాడుతోంది.

“ఆ చెయ్యేంది?”

“ఏం లేదు వదినె.”

“పైకెత్తు.”

“ఏం లేదంటున్న గద.”

“ఎత్తవే,” అన్నది కొంరమ్మ. సారక్క ఎత్తలేదు. నిలబడ్డ చోటే కూలబడి, ఏడు నెలల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది.

దవాఖానాలో డాక్టరు నిర్మలాదేవి మధిర వైపు మనిషి. కొత్తగా వచ్చింది. బాయి మనుషుల మాట ఇంకా అలవాటు పడుతోంది. సారక్కను బల్ల మీద కూర్చోబెట్టి, చెయ్యి పక్క నుంచి పైకెత్తమన్నది.

ఎత్తింది. భుజం చెవి దాకా లేచింది గానీ చెయ్యి సగంలో ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

“చాలు. ఇప్పుడు నేను ఎత్తుతాను, నువ్వు ఊరికే వదిలేయ్.”

డాక్టరు ఆ చేతిని తన రెండు చేతులతో ఎత్తింది. నొప్పికి సారక్క మొహం ముడుచుకున్నది గానీ చెయ్యి తల దాటి పైకి వచ్చింది. “లేస్తున్నది గద,” అన్నది కొంరమ్మ. అందులో కొంచెం అనుమానం కూడా ఉంది.

“చూడండి మరి,” అని డాక్టరు మెల్లగా దించుతూ దించుతూ, సగంలో తన చేతులు తీసేసింది. సారక్క చెయ్యి దబ్బున ఒళ్లో పడింది.

కొంరమ్మ గబుక్కున బల్ల దగ్గరికి వచ్చింది.

“ఏం పని చేస్తావమ్మా?”

“సున్నం వేస్త. క్వార్టర్లకు.”

“పైకప్పులకు కూడానా? ఎన్నేళ్లుగా?”

“పదారేండ్లు.”

డాక్టరు తలూపింది. “తల దువ్వుకోగలవా?”

“గోడకు ఆనిచ్చుకుంట.”

“వెనక నడుము దాకా చెయ్యి పోతుందా?”

“పోదు.”

“గిన్నె ఎత్తితే చెయ్యి వణుకుతుందా, పట్టు చాలదా? నొప్పి పగలెక్కువా, రాత్రి ఎక్కువా?”

“పట్టు చాలది. రాత్రే ఎక్కువ డాక్టరమ్మా. నిద్ర ఉండది.”

“వాతం అది,” అన్నది కొంరమ్మ. “మా ఇంట్ల అందరికి ఉన్నది.”

“వాతం కాదండీ. భుజం కీలు చుట్టూ నాలుగు కండరాలుంటాయి. వాటి కొసలు తాళ్లలాగా వచ్చి ఎముకను పట్టుకుని ఉంటాయి. చెయ్యి పైకి లేవాలంటే ఆ తాళ్లే లేపాలి. ఏళ్ల తరబడి చెయ్యి పైకెత్తి పని చేస్తుంటే, పైనున్న ఎముక కింద ఆ తాడు రాసుకుంటుంది. బావి మీద చేంతాడు ఎలా అరుగుతుందో అలాగే. అరిగి అరిగి ఉన్నప్పుడు ఒక్క గట్టి కుదుపు వస్తే చిరిగిపోతుంది. ఈమధ్య ఏమైనా జారావా?”

“దసరాకు ముందు. నిచ్చెన మీద.”

“మళ్లీ ఏమైనా కుదుపు?”

సారక్క కొంరమ్మ వైపు చూడకుండా, “పొద్దున,” అన్నది. “ఒక పెట్టె గుంజిన.”

డాక్టరు రాసుకుంటూ అడిగింది. “ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోగలవా?”

సారక్క తల వంచుకున్నది.

“చెప్పమ్మా, పడుకోగలవా?”

“పండలేను.”

“ఎప్పటి నుంచి?”

“దసరా కాన్నుంచి.”

కొంరమ్మ తల గిరుక్కున తిరిగింది. పొద్దున గడప దగ్గర తమ్ముడు అన్న మాట, అదే మాట, ఇప్పుడు మరదలి నోట విన్నది.

“ఆ భుజం మీద అసలు పడుకోకు,” అన్నది డాక్టరు. “రెండో పక్కకు తిరిగి, ఈ చేతి కింద దిండు పెట్టుకో.”

“రెండో పక్కకు తిరిగితే మొగనికి వీపు పెట్టుడైతది గద,” అన్నది కొంరమ్మ, నీరసంగా.

డాక్టరు కలం ఆపి ఇద్దరినీ చూసింది. ఆమెకు సంగతి సగం అర్థమైంది. “అయితే చోటు మార్చుకోవచ్చుగా? ఆయన్ని ఇటు రమ్మనండి, ఈవిడ అటు జరుగుతుంది.”

“గట్లెట్ల డాక్టరమ్మా? పెండ్లాం ఎడమ దిక్కే ఉండాలె.”

“పెళ్లిపీటల మీద ఉండాలి. పక్క మీద ఎవరు చూడొచ్చారండీ?”

ఆ చిన్న గదిలో పైన ఫ్యాను తిరుగుతోంది. సారక్కకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏడు నెలలు. ఆకులు కట్టింది, పప్పు మానేసింది, పక్కనున్న మనిషిని పోగొట్టుకున్నది. మొగుడు లేనప్పుడు ఆ జాగాలో హాయిగా పడుకున్నది కూడా. ఉన్నప్పుడు అటు జరగొచ్చునని ఒక్కనాడు తట్టలేదు. తట్టినా జరిగేది కాదేమో. చిన్నప్పటి నుంచి విన్న మాట మనిషిని మంచానికి కట్టేసినంత గట్టిగా తాడు కూడా కట్టెయ్యదు.

డాక్టరు మెడలోంచి గుడ్డ వేసి చెయ్యి కట్టింది. “ఇది నాలుగు రోజులే, తర్వాత తీసెయ్. ఎప్పుడూ కట్టేసి ఉంచితే కీలే బిగుసుకుపోతుంది. ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా మెల్లగా ఊపాలి, చూపిస్తాను. ఎక్స్‌రే తీస్తే ఎముక కనపడుతుంది, ఈ తాడు కనపడదు. ఎంత చిరిగిందో ఆరు వారాలు చూసి చెప్తాను. తగ్గకపోతే హైదరాబాద్ పంపుతాను. బరువులు వద్దు. నిచ్చెన ఎక్కొద్దు.”

“జన్మలనా?” అన్నది సారక్క.

“ఆ మాట ఆరు వారాల తర్వాత అడుగు.”

సాయంత్రం వాకిట్లో కొంరమ్మ మరదలి తల దువ్వింది. చిక్కులు తీసింది. దువ్వెన ఆపి, మళ్లీ దువ్వి, చివరికి అన్నది.

“ఆ దిండు జరిపింది నేనే.”

“ఏ దిండు వదినె?”

“నీ పెండ్లినాడు. తెలవక కుడి దిక్కు పెట్టుకున్నవ్ నువ్వు. నేనే తీసి ఎడమ దిక్కు ఏసిన. బుద్ధి లేదా, మీ అమ్మ చెప్పలేదా అని నలుగురిల తిట్టిన. యాదికున్నదా?”

సారక్కకు గుర్తుంది. పద్దెనిమిదేళ్ల వయసులో తిన్న ఆ తిట్టు ఎలా మరుస్తుంది? “నాకు యాదిలేదు,” అన్నది.

కొంరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకున్నది. “రేపు నేను మణుగూరు పోత. వానికి అన్నీ చెప్త. గల్ల పట్టి గుంజుకొస్త.”

“వద్దు.”

“ఎందుకద్దు? నిజం తెలిస్తే పొద్దుటికల్ల ఉరికొస్తడు.”

“వస్తడు వదినె. భుజం కోసం వస్తడు. అయ్యో పాపమని వస్తడు.” సారక్క ముందుకు చూస్తూ అన్నది. “నాకు గట్ల రావొద్దు. నన్ను చూడాలనిపిచ్చి రావాలె.”

“ఇంత పొగరు ఎవలకుంటది?”

“మీ తమ్మునికుంటది. ఇరవై రెండేండ్లు పక్కన పండిన, నాకు అంటుకోదా?”

కొంరమ్మ నవ్వలేక నవ్వింది. జడ అల్లి ముడి వేసింది. ఆ రోజూ, మర్నాడూ మంగయ్య నుంచి కబురు లేదు. బాయి నుంచి ఎవరో వచ్చి, అక్కడ కూడా రాత్రి షిఫ్టే ఇచ్చారని మాత్రం చెప్పారు. సారక్క ఆ మాట విన్న దగ్గర నుంచి మంచం మీద తన జాగాలో కూర్చోలేదు, అతని జాగాలోనూ కూర్చోలేదు. ఆ మంచమే బరువనిపించింది. మూడో రోజు పొద్దున, చెప్పాపెట్టకుండా, మెడలో గుడ్డతోనే బస్టాండుకు నడిచింది. అతను వస్తాడా రాడా అని కూర్చునే ఓపిక ఆమెకు ఇక లేదు. అతనికి చూడాలనిపించిందో లేదో తర్వాత సంగతి, తనకైతే అనిపిస్తోంది.

పాల్వంచ దాటగానే అడవి మొదలైంది. తునికాకు కోసే రోజులు. దారి పక్కన కల్లాల్లో ఆకు కట్టలు ఎండబెట్టారు. బస్సు కిటికీలోంచి వడగాలి కొడుతోంది. గుంటలు వచ్చినప్పుడల్లా కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నది. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకున్నది. మణుగూరులో దిగేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

కొత్త క్వార్టర్ల మూడో లైనులో పూలి అనే లంబాడీ ఆమె నీళ్లు పడుతోంది. అడిగితే బిందె దించి చూసింది.

“కొత్తగొచ్చినాయనా? ఎవ్వలతోని మాట్లాడడు, గాయనేనా?”

“గాయనే.”

“నువ్వేమైతవ్?”

సారక్క మెడలోని గుడ్డ సర్దుకున్నది. “ఇంటిమనిషిని,” అన్నది.

“చివరిది. తలుపు దగ్గరికేసి పంటడు. కొట్టినా లేవడు.”

తలుపు నిజంగానే దగ్గరికేసి ఉంది. లోపల ఒక కుండ, ఆ ఇనప పెట్టె, కింద ఒక చాప. మంగయ్య లుంగీ మడిచి తల కింద పెట్టుకుని, ఎడమకు ఒత్తిగిలి పడుకున్నాడు. మనిషి చాపకు ఆ చివరన ఉన్నాడు. అతని ముందు సగం చాప ఖాళీగా ఉంది. ఒక్కడే ఉండే గదిలో, అడ్డంగా పడుకున్నా అడిగేవాడు లేని గదిలో, ఆమె జాగా వదిలిపెట్టి పడుకున్నాడు.

సారక్క గోడ పట్టుకుని నిలబడింది.

ఆ ఖాళీ జాగాలోకి పోవడం ఎంతసేపు. పోయి మాత్రం ఏం లాభం? అక్కడ పడుకుంటే మళ్లీ వీపే పెట్టాలి. చెప్పులు విప్పింది. మెడలోంచి గుడ్డ తీసింది. అతని కాళ్ల వైపు నుంచి తిరిగి, అవతలికి, కుడి పక్కకు వచ్చింది. అక్కడ చాప లేదు, ఒట్టి గచ్చు. మెల్లగా ఎడమ భుజం మీద ఒరిగి, చీర కొంగు ఉండ చుట్టి నొప్పి చేతి కింద పెట్టుకున్నది.

ఎదురుగా అతని వీపు.

చెమటకాయలు, మెడ కింద బొగ్గు గీసుకుని మానిన నీలి గీత. ఇన్నేళ్లలో ఈ వీపును ఇంత దగ్గరగా ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. జానెడు దూరం. చెయ్యి వేస్తే ఏమంటాడో, విదిలిస్తాడేమో అని భయమేసింది. అతను ఏడు నెలలు ఎలా పడుకున్నాడో అప్పుడు తెలిసింది.

“ఎవరు?” అన్నాడు మంగయ్య. నిద్ర గొంతు కాదది. ఎప్పుడు మేలుకున్నాడో.

“నేనే.”

వీపు కదల్లేదు.

“ఎందుకొచ్చినవ్?”

“పండనీకొచ్చిన.”

“గా దిక్కేంది? నీ జాగ గిటున్నది.”

“ఆ జాగల పంటే నీ దిక్కు తిరగలేను.”

ఆమే చెప్పింది. వీపుకు చెప్పింది కాబట్టి చెప్పగలిగింది. “నిచ్చెన మీద జారిన, దసరాకు ముందు. భుజంల తాడు తెగిందట. చేతులు పడిపోయినంక చెప్పకన్నవ్. నేను చెప్పలే. ఆ భుజం మీద పండలేక గోడ దిక్కు తిరిగిన. నిన్ను చూడబుద్ధి కాక తిరగలే.”

బయట పూలి బిందె ఎత్తుకుపోయిన చప్పుడు.

“మొన్న పెట్టె,” అన్నాడు మంగయ్య. “వదిలిపెట్టినవ్.”

“నేను వదల్లే. నా వేళ్లు వదిలినయ్.”

“నేను గుంజిన.”

“అవ్. నువ్వు గుంజినవ్.”

అతని ఊపిరి పెద్దదైంది, ఆగింది. దూరంగా రెండో షిఫ్టుకు సైరన్ కూసింది. అన్నీ చెప్పాక కూడా ఈ వీపు ఇలాగే ఉంటే ఏం చెయ్యాలో ఆమె అనుకుని రాలేదు. తిరుగు బస్సు ఎన్నింటికో కూడా అడగలేదు.

“ఇరవై రెండేండ్లు నువ్వున్న దిక్కు నేను తిరిగిన,” అన్నది. “ఇప్పుడు తిరగలేను కాబట్టి ఈ దిక్కు వచ్చి పన్న. నేను చెయ్యగలిగింది గంతే. ఇగ తిరగాల్సింది నువ్వే.”

మంగయ్య మోచెయ్యి చాప మీద ఆనింది. భుజం లేచింది. ఆమె వైపు తిరగడానికో, లేచి బయటికి పోవడానికో సారక్కకు తెలియలేదు. కళ్లు మూసుకున్నది.